సముద్ర, వాతావరణ మోడళ్ల డేటా: చిన్న పరిశోధక బృందాల్లో పంపకం

సముద్రాన్నీ వాతావరణాన్నీ గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఉష్ణోగ్రత, లవణీయత, గాలి, ప్రవాహం ఎలా మారుతున్నాయో లెక్కకట్టే కంప్యూటర్ మోడళ్లు అంకెలను కుప్పలుతెప్పలుగా పోస్తాయి. ఒక ప్రొఫెసరు, నలుగురైదుగురు విద్యార్థులు, ఒక సర్వర్ మాత్రమే ఉన్న బృందం ఆ అంకెలను తమలో తాము, పొరుగు బృందాలతో పంచుకోవడానికి 1980ల నుంచి తంటాలు పడుతూనే ఉంది. నెట్‌వర్కుల వేగం పెరగడంతో ఈ చిక్కు వీడిందని చాలామంది అనుకుంటారు. కానీ వేగం కన్నా పెద్ద అడ్డంకి, ఫైల్లో ఏముందో దాన్ని రాసినవారికి తప్ప మరొకరికి తెలియకపోవడం.

ఫోర్ట్రాన్ ప్రోగ్రాం రాసే బైనరీ ఫైల్లో వరుసగా అంకెలే ఉంటాయి. అవి ఉష్ణోగ్రతలా, లవణీయతా, సెల్సియస్‌లో ఉన్నాయా, కెల్విన్‌లోనా అన్నది ఏ విద్యార్థి నోట్‌బుక్కులోనో ఉండేది. ఆ విద్యార్థి పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోతే డేటా ఉన్నా లేనట్టే. పైగా వ్యాక్స్, క్రే, సన్ యంత్రాలు ఒకే సంఖ్యను తలో తీరుగా దాచేవి కాబట్టి, ఒకచోట రాసిన ఫైలు మరోచోట అర్థంలేని అంకెలుగా తెరుచుకునేది. వాతావరణ సంస్థలకు ప్రపంచ వాతావరణ సంస్థ 1980లలో ఆమోదించిన గ్రిబ్ ఫార్మాట్ ఉండేది. అది చోటు బాగా ఆదా చేస్తుంది. కానీ అందులో ప్రతి రాశికీ పేరు బదులు ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్య ఏ రాశికో చెప్పే పట్టిక చేతిలో లేకపోతే పని సాగదు. పెద్ద సంస్థల్లో దాని సంగతి చూసుకోవడానికి ప్రత్యేక సిబ్బంది ఉంటారు, చిన్న ల్యాబుల్లో ఎవరుంటారు?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్‌లో విశ్వవిద్యాలయాలకు వాతావరణ డేటా అందించడానికి ఏర్పడిన యూనిడాటా, 1980ల చివర్లో నెట్‌సీడీఎఫ్ అనే ఫైలు ఫార్మాట్‌ను తయారుచేసింది. నాసా గొడ్డార్డ్ కేంద్రం రూపొందించిన సీడీఎఫ్ ఆలోచనను తీసుకుని రస్ రూ, గ్లెన్ డేవిస్ దీన్ని మలిచారు. రాశుల పేర్లు, కొలతలు, ప్రమాణాలు అన్నీ ఫైలు తలభాగంలోనే ఉంటాయి; ఏ యంత్రంలో తెరిచినా అంకెలు మారవు.

అయితే పేర్లు రాసుకునే వీలు దొరికింది గానీ, ఏ పేరు రాయాలో ఎవరూ చెప్పలేదు. ఒకరు 'టెంప్' అంటే మరొకరు 'టి' అన్నారు. సముద్ర మోడళ్లు చాలావరకు అక్షాంశాలను దక్షిణం నుంచి ఉత్తరానికి పేరిస్తే, వాతావరణ మోడళ్లు కొన్ని ఉత్తరం నుంచి కిందికి పేర్చేవి. చూసుకోకుండా గీస్తే పటం తలకిందులయ్యేది. రేఖాంశాలను 0 నుంచి 360 దాకా లెక్కించేవారు కొందరు, మైనస్ 180 నుంచి 180 దాకా లెక్కించేవారు మరికొందరు. హిందూ మహాసముద్రం మీద పనిచేసేవాళ్లకు ఈ తేడా దాదాపు తగలదు. అట్లాంటిక్‌వాళ్ల పటం మాత్రం గ్రీనిచ్ దగ్గర తెగిపోయేది. అన్నిటికన్నా ప్రమాదం నేల గడులతో. అక్కడ మైనస్ 9999 లాంటి అంకె నింపి, ఆ సంగతి తలభాగంలో చెప్పకపోతే, విశాఖ తీరంలో సముద్రపు సగటు ఉష్ణోగ్రత సున్నాకు వేల డిగ్రీల దిగువన తేలుతుంది. అంత ఘోరంగా తప్పితే నయమే, వెంటనే పట్టుబడుతుంది. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి 1995లో కోర్డ్స్ ఒప్పందం, దాన్ని విస్తరిస్తూ 2003లో సీఎఫ్ ఒప్పందం వచ్చాయి. సముద్రపు అడుగు వాలును అనుసరించి వంగే, రోమ్స్ అనే సముద్ర మోడల్ పొరల లోతును ఏ సూత్రంతో కట్టాలో కూడా సీఎఫ్‌లో ఉంది.

నెట్‌సీడీఎఫ్ తర్వాత రెండో మలుపు రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. పీటర్ కార్నిలన్, జేమ్స్ గాలగర్, ఎంఐటీకి చెందిన గ్లెన్ ఫ్లియరల్ కలిసి 1993లో డాడ్స్ అనే పథకం మొదలుపెట్టారు. తర్వాత అదే ఓపెన్‌డాప్ అయింది. ఫైలు మొత్తం దించుకోకుండా కావలసిన ముక్కనే వెబ్ చిరునామాలో అడిగి తెచ్చుకోవచ్చు. ఎంత ఆదా అవుతుందో లెక్కవేసి చూడవచ్చు: పావు డిగ్రీ గ్రిడ్‌లో ప్రపంచానికి 1,440 × 720, అంటే 10 లక్షలకు పైగా గడులు. గడికి 4 బైట్ల చొప్పున ఒక్క పొరకే 4 మెగాబైట్లు దాటుతుంది, 50 పొరలకు 200 దాటుతుంది. బంగాళాఖాతాన్ని తూర్పు 80–100, ఉత్తరం 5–23 డిగ్రీల మధ్య కత్తిరిస్తే మిగిలేవి 5,760 గడులే. పొరకు 23 కిలోబైట్లు.

లోకానికి వడ్డించడానికి చేసిన ఈ ఏర్పాట్లు ముందుగా ఇంట్లోవాళ్లకే పనికొచ్చాయి. యూనిడాటావారి థ్రెడ్స్ సర్వర్ పెట్టుకున్న ల్యాబులో, రోజుకొకటిగా పేరుకున్న వేల ఫైళ్లు ఒకే పొడవాటి ఫైలులా కనిపిస్తాయి. ఎన్‌సీఎంఎల్ అనే చిన్న రాతఫైలులో, ఎప్పుడో వెళ్లిపోయిన విద్యార్థి రాయని ప్రమాణాలను, అసలు ఫైలు ముట్టుకోకుండానే చేర్చవచ్చు. నాకు తెలిసి చిన్న బృందాలకు ఇంతకన్నా మేలు చేసిన పనిముట్టు లేదు. దాని పేరు ఎత్తేవాళ్లు మాత్రం తక్కువ. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవాలో బాబ్ సైమన్స్ రాసిన ఎర్డాప్ అనే సర్వర్, అడిగినవారికి అడిగిన ఫార్మాట్‌లో డేటాను మార్చి ఇస్తుంది.

మన దేశంలో ఈ పనికి ముఖ్య చిరునామా హైదరాబాద్. 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇక్కడే ఉంది. హిందూ మహాసముద్రపు ఆర్గో తేలియాడే పరికరాల కొలతలను, మోడళ్ల ఫలితాలను లైవ్ యాక్సెస్ సర్వర్, ఎర్డాప్‌ల ద్వారా అందిస్తోంది. దానితో ఎక్కడో చిన్న విశ్వవిద్యాలయంలో ఉన్న పరిశోధక విద్యార్థి కూడా తన సొంత రోమ్స్ మోడల్ ఫలితాలను కొలతలతో పోల్చుకోగలడు.

2010ల మధ్య నుంచి ఎక్స్‌అర్రే, డాస్క్ అనే పైథాన్ పనిముట్లు, డేటాను ముక్కలుగా దాచే జార్ ఫార్మాట్ పనిని మళ్లీ మార్చాయి. డేటా క్లౌడ్‌లో ఉన్నచోటే లెక్క జరగాలన్నది కొత్త పద్ధతి. లెక్క క్లౌడ్‌లోనే సాగితే బాగానే ఉంటుంది. డేటాను బయటికి దించుకుంటే దానికి బిల్లు పడుతుంది, అది ఎవరు కట్టాలన్నది బృందాల్లో కొత్త తగువు. ఇక 2025 మేలో ప్రభుత్వ నిధులు అందక యూనిడాటా తన సిబ్బందిలో దాదాపు అందరినీ కొంతకాలం పక్కన పెట్టాల్సి వచ్చింది. నెట్‌సీడీఎఫ్, థ్రెడ్స్ రెండింటినీ నిర్వహించేది ఆ సిబ్బందే.