మాస్ట్ మీద దీపం, డెక్‌లో కన్నం

అన్నలూ తమ్ముళ్లూ, దుబాయ్ మెరీనాల్లో నిలబడి ఉండే తెల్లటి సెయిల్ బోట్లని మీరు దూరం నుంచి చూసే ఉంటారు. వాటికి కరెంటు పని చేసేవాళ్లం మేం. చూడ్డానికి వచ్చినవాళ్లు తెరచాప చూస్తారు, ఇంజిన్ చూస్తారు. మేం ముందు వంగి మాస్ట్ అడుగున చూస్తాం. మాస్ట్ అంటే తెరచాప కట్టే స్తంభం. పైనున్న దీపాల వైర్లు, రేడియో యాంటెన్నా కేబులు అక్కడే డెక్ దాటి క్యాబిన్‌లోకి దిగుతాయి. పైన దీపం ఆరిపోయిందంటే చాలాసార్లు తప్పు దొరికేదీ అక్కడే. అసలు ఈ గొడవ ఎప్పుడు మొదలైందో చెబుతాం.

పాత ఓడలకి ఈ బాధ లేదు. మన గోదావరి మొగలో కోరంగి రేవుండేది, ఓడలు కట్టేవారు. ఆ రేవు పేరు మీదే బర్మాలో మనవాళ్లని కోరంగీలు అన్నారు. (వలస మనకి కొత్త కాదు కదా.) ఆ కాలంలో దీపమంటే నూనె దీపమే, తాడుతో పైకి లాగాలి, తెల్లారాక దించాలి. 1848లో బ్రిటన్ ఆవిరి ఓడలకి ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం తప్పనిసరి చేసింది. మరుసటేడు అమెరికా తెరచాప ఓడలకీ దీపాల రూలు పెట్టింది. 1880లో కొలంబియా అనే ఆవిరి ఓడలో ఎడిసన్ బల్బులు వెలిగాయి. అయితే చిన్న పడవకి డైనమో ఎక్కడిది? చాలా ఏళ్లు కిరసనాయిలే గతి.

1930లో అమెరికాస్ కప్ పందెంలో గెలిచిన ఎంటర్‌ప్రైజ్ పడవకి డ్యూరాలుమిన్ మాస్ట్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం మాస్టులు మామూలైపోయాయి. లోపల బోలు కాబట్టి వైర్లు లోపల్నుంచే పోయాయి. 1972 అంతర్జాతీయ రూల్స్ చిన్న తెరచాప పడవలకి మూడు దీపాలూ కలిపి ఒకే లాంతరుగా మాస్ట్ కొసన పెట్టుకోడానికి ఒప్పుకున్నాయి. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా ఎంత ఎత్తుంటే అంత దూరం పలుకుతుంది, అదీ కొసకే ఎక్కింది. బ్యాటరీ మాత్రం కింద క్యాబిన్‌లో.

కొన్ని మాస్టులు డెక్ దాటి కీల్ దాకా దిగుతాయి. తాళ్ల కన్నాల్లోంచి పడ్డ వాన స్తంభం లోపల్నుంచి వైర్ల వెంటే జారుతుంది. అందుకని అడుగున నీళ్లు నిలిచే చోట కాకుండా, క్యాబిన్ కప్పు కిందే వైర్లు బయటికి తీస్తాం. డెక్ మీదే ఆగే మాస్టయితే డెక్‌కి కన్నం తప్పదు. పూర్వం డెక్ మీద ప్లగ్గూ సాకెట్టూ పెట్టేవారు. మాస్ట్ దించేటప్పుడు సుఖమే, కానీ ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడి దీపం ఆరుతుంది. ఇప్పుడు కేబుల్ గ్లాండ్, లేకపోతే కొంగమెడలా వంచిన స్టీలు పైపు. మా ఓటు కొంగమెడకే: మూతి కిందికి ఉంటుంది, కనెక్టర్ కోయకుండానే దూరుతుంది. లోపలికి వచ్చే ముందు వైరుని ఉయ్యాలలా కిందికి వేలాడనివ్వాలి, నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. జాయింట్లు లోపల పొడిగా ఉన్న పెట్టెలోనే, వైరు తగరం పూసిన రాగిదే.

ఒక ఓనరు మనిషి మాతో "ఇవన్నీ ఎందుకు, సీలెంట్ పూసి మూసెయ్యండి" అన్నాడు. మేం ఒప్పుకోలేదు. నడిసముద్రంలో ఆ దీపం ఆరితే పెద్ద ఓడకి ఆ పడవ కనపడదు. లోపల పడుకున్నవాళ్ల ప్రాణాలకి ముప్పు, పేరు మాత్రం ఎలక్ట్రీషియన్ మీదకే వస్తుంది.

మాస్ట్ లోపల వైర్లు టకటకా కొట్టుకుంటుంటే మాత్రం, కొంచెం కొంచెం దూరంలో మూడేసి టైలు వేసి, తోకలు కోయకుండా మూడు వైపులకీ వదిలెయ్యండి. చప్పుడు ఆగిపోతుంది.