ఆకాశం చూస్తూ నడిచిన హాన్స్

నేను స్టవ్ మీద పాలు పెట్టి కాగితాల ముందు కూర్చున్నానంటే ఆ పాలు పొంగినట్టే. “దానికి చిన్నప్పట్నుంచీ పరధ్యానమే” అంటుంది మా అమ్మ. నలభై దాటినా ఆ పేరు నన్ను వదల్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హాఫ్‌మన్ అనే డాక్టరు, మూడేళ్ళ కొడుక్కి ఇవ్వడానికి మంచి పుస్తకం దొరక్క తనే బొమ్మలేసి కథలు రాశాడట. 1845లో అచ్చయింది. తర్వాతి ముద్రణల్లో ఇద్దరు కుర్రాళ్ళు చేరారు. ఫిలిప్ భోజనాల దగ్గర కుర్చీ ఊపి ఊపి, బల్లగుడ్డతో సహా అన్నీ మీదకి లాక్కుని పడతాడు. హాన్స్ అల్లరే చెయ్యడు, పాపం! ఆకాశం చూస్తూ నడిచి నీళ్ళలో పడతాడు.

వైద్యులకి చాన్నాళ్ళు ఫిలిప్పే కనిపించాడు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 1968లో, ఈ చాపల్యం ఈడొచ్చేసరికి తగ్గిపోతుందనేసింది. గెంతులు లేకుండా ధ్యాస మాత్రమే నిలవనివాళ్ళూ ఉంటారని 1980లో గానీ ఒప్పుకోలేదు. హాన్స్‌ని నీళ్ళలోంచి తియ్యడానికి అన్నేళ్ళు పట్టిందన్నమాట! ఎ.డి.హెచ్.డి. అన్న పేరు 1987లో వచ్చింది. బిల్లులు కట్టడం మరిచిపోవడం, తాళాలు పారేసుకోవడం లాంటి పెద్దవాళ్ళ తంటాలు 2013 ముద్రణలో చేరాయి.

ఆడపిల్లల్లో హాన్స్‌లే ఎక్కువట. గెంతని పిల్లని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? పెళ్ళయ్యాక “దీనికి ఇల్లు దిద్దుకోవడం రాదు” అంటారు, అంతే.

పోయిన నెల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పన్నెండేళ్ళలోపే ఆ లక్షణాలు కనిపించి ఉండాలిట. సాక్ష్యం చెప్పాల్సింది మా అమ్మే! ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు పలకలేదు.

“అయితే నిన్ను ఊరికే తిట్టానుటే?” అంది.