ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్)

ఎస్‌ఎంపీఎస్ (స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై) అనేది ఇంటి ఏసీ విద్యుత్తును కంప్యూటర్ భాగాలకు కావలసిన తక్కువ వోల్టేజీ డీసీగా మార్చే పరికరం. భారతదేశంలో దీనికి అందే సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్.

నేటి డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే రూపం, ఇంటెల్ సంస్థ 1995లో విడుదల చేసిన ఏటీఎక్స్ ప్రమాణానికి చెందినది. సాధారణ ఏటీఎక్స్ పెట్టె వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు. మదర్‌బోర్డుకు వెళ్లే ప్రధాన కనెక్టరులో మొదట 20 పిన్నులు ఉండగా, తర్వాత అవి 24 అయ్యాయి.

సంప్రదాయ రంగుల ప్రకారం పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు ఉంటాయి, నలుపు గ్రౌండ్. ఈ మూడింటిలో అనుమతించే హెచ్చుతగ్గులు 5 శాతం. అంటే 12 వోల్టుల తీగలో మల్టీమీటరు 11.4 నుంచి 12.6 మధ్య చూపాలి. ఊదా తీగలోని 5 వోల్టులు కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కూడా అందుతాయి.

ఎస్‌ఎంపీఎస్ ఎంపికలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల గరిష్ఠ విద్యుత్ వాడకం కీలకం. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర సామర్థ్యాన్ని సూచిస్తుంది, నాణ్యత మొత్తాన్ని కాదు.

24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగను (16వ పిన్ను) నల్ల తీగతో కలిపితే, బాగున్న ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. అయితే లోడు పడినప్పుడు వోల్టేజీ నిలుస్తుందో లేదో ఈ పరీక్షలో తేలదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉండవచ్చు.