ముద్రలోని ప్రార్థన

1926లో బెజవాడయందు ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసి, 2026తో నూరేండ్లు నిండుచున్నవి. ఈ శతాబ్ది వేళ అందలి మేడలను, అందు చదివి పేరుగాంచినవారిని స్మరించువారు పెక్కురు కలరు. నాకు మాత్రము దాని ముద్రయందలి ధ్యేయవాక్యమును గూర్చి ముచ్చటింపవలెనని యున్నది.

ఒక చిన్న మాటను తన గుర్తుగా నిలుపుకొను ఆచారము మనకు ప్రాచీనమైనదే. వేంగీ చాళుక్యుల రాగిరేకులను గ్రుచ్చిన కడియమునకు అతికిన ముద్రలో వరాహము, అంకుశము, చంద్రరేఖ, పద్మము ఇత్యాదుల నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములు కానవచ్చును. విజయనగర ప్రభువులు శాసనాంతమున ‘శ్రీ విరూపాక్ష’ యని వ్రాలు చేసిరి. మొదటిది ప్రతాపమును చాటినది, రెండవది దైవమునకు తలవంచినది. పిమ్మట శతాబ్దములు గడచి, 1857లో మదరాసు విశ్వవిద్యాలయము పుట్టినప్పుడు, దాని ముద్రపై హోరేసు కవి లాటిను పంక్తి యొకటి నిలిచెను. సహజశక్తిని విద్య వర్ధిల్లజేయునని దాని భావము. భావము సొంపైనదే కాని, ఆ పట్టములందుకొన్న మన తెలుగుబిడ్డలలో ఎందఱికది హృదయమునకు తాకెనో!

కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులై క్రొత్త విద్యాపీఠమునకు రూపు దిద్దునప్పుడు, ఆయన ప్రేరణతో కౌతా రామమోహన శాస్త్రిగారు చిహ్నమును చిత్రించిరి. ఉదయభానుడు విశ్వవిద్యాలయము, ఆతని కిరణములు బహువిధ శాస్త్రములు, పద్మము లక్ష్మీసరస్వతుల కిరువురకును పీఠము, స్వస్తిక మంగళాశంస, రెండు సర్పములు జ్ఞానమును కాచువారికిని, వెదకువారికిని గుర్తులు. వాక్యము ‘తేజస్వి నావధీతమస్తు’. కేంబ్రిడ్జిలో చదివి, ‘కవిత్వతత్త్వ విచారము’ వ్రాసి పండితలోకమును కలచిన ఆ మహామేధావి విద్యాపీఠమునకు ఉపనిషత్తు శాంతిపాఠమునుండి మాట దొరకుట నా కెంతయో ప్రియమైన విషయము. ఏలయన ఆ పాఠము గురువు శిష్యునకు పెట్టు ఆజ్ఞ కాదు. ఇరువురును కలిసి కూర్చుండి, తమ చదువు తేజోవంతము కావలెనని, తమ నడుమ ద్వేషము పుట్టరాదని ఏకకంఠముతో వేడుకొనునది. చాళుక్యుల ముద్ర లోకమును బెదిరించినది. ఈ ప్రార్థన తనకు తానే బాధ్యతను తలకెత్తుకొన్నది. రెడ్డిగారు ఆ తేజస్సును మాటలతో సరిపెట్టలేదు. శాసనోల్లంఘనోద్యమమునాటి సర్కారు దమననీతికి నిరసనగా పదవిని త్యజించిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణపండితులు ఆ పీఠ మెక్కిరి. 1936లో రెడ్డిగారు మరల వచ్చి, 1949 వఱకు నడపిరి.

స్వాతంత్ర్యానంతరము ధ్యేయవాక్యములు వెల్లువయైనవి. రాజచిహ్నము క్రింద ‘సత్యమేవ జయతే’ వెలసినది. 1954లో తిరుపతి విశ్వవిద్యాలయము జ్ఞానమును సమ్యగ్దృష్టితో ముడివైచినది. 1956లో జీవిత బీమా సంస్థ గీతనుండి ‘యోగక్షేమం వహామ్యహమ్’ గైకొన్నది. నౌకాదళము వరుణుని వేడుకొన్నది. ఇప్పుడు ప్రతి బడిగోడపైనను, ప్రతి కార్యాలయపు కాగితముపైనను ఒక సంస్కృత వాక్యము కనబడుచున్నది. చదువువారు తక్కువ, అర్థమడుగువారు మఱింత తక్కువ. ఇది నన్ను నిజముగా బాధించుచున్నది.

విశ్వవిద్యాలయములవారికి నా మనవి యొకటే: క్రొత్త విద్యార్థులు చేరు తొలిదినమున, ఆచార్యులు వారితో సరిసమానముగా నిలిచి, తమ ధ్యేయవాక్యమును కలిసి పఠించి, దాని అర్థమును తేటతెలుగున విప్పి చెప్పవలెను.