సైకిలుకు మూట కట్టిన చరిత్ర

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరే దారిలో చలికాలం వచ్చిందంటే కొత్తరకం సైకిళ్లు కనిపిస్తుంటాయి. వాటికి వెనుక క్యారియరు ఉండదు. సీటు కింద తోకలా పొడుచుకువచ్చిన ఒక సంచి, హ్యాండిల్‌కు అడ్డంగా చుట్టిన మరొకటి, ఫ్రేము నడుమ త్రిభుజంలో సరిగ్గా ఒదిగిన మూడోది, అంతే సామాను. ఈ పద్ధతిని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. ఇది నిన్న మొన్న పుట్టిన విద్య అనుకునేవారికి, మోకాళ్ల నొప్పులతోనో వేళ్ల తిమ్మిరితోనో వైద్యుని దగ్గరకు వచ్చేవారికి కూడా, దీని వెనుక ఉన్న చరిత్ర కొంత తెలియడం మేలు.

నేడు మనం ఎరిగిన సైకిలు రూపం 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో స్థిరపడింది. మూడేళ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లోని జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరును అమర్చాడు. డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. సైకిలు చరిత్రలో వైద్యులకు దక్కిన గౌరవం ఇదొక్కటే అనిపిస్తుంది. ఎందుకంటే మిగిలిన వైద్యులు 1890లలో సైకిలు తొక్కే స్త్రీలను ‘సైకిలు మొహం’ అనే లేని జబ్బు పేరుతో భయపెట్టారు. శ్రమకూ ఆందోళనకూ ముఖకవళికలు శాశ్వతంగా బిగుసుకుపోతాయని వారి వాదం. అటువంటి రోగిని ఎవరూ చూడలేదని వేరే చెప్పనక్కరలేదు.

సైకిలు మీద సంసారం మోయవచ్చని నిరూపించిన తొలివారిలో అమెరికా సైన్యపు 25వ పదాతిదళంలోని నల్లజాతి సైనికులు ముఖ్యులు. 1897 జూన్‌లో లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వంలో ఇరవైమంది సైనికులు మిజూలా నుంచి సెయింట్ లూయీ వరకు సుమారు 3,000 కిలోమీటర్లు తొక్కారు. వారి వెంట ఒక వైద్యుడు కూడా ఉన్నాడు. దుప్పటి, గుడారపు గుడ్డ చుట్టచుట్టి హ్యాండిల్‌కు ముందు కట్టుకున్నారు. ఆహారానికి ఫ్రేము త్రిభుజంలో పెట్టె అమర్చారు. నేటి బైక్‌ప్యాకింగ్ సంచుల అమరికలో సగం అక్కడే ఉంది. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఈ రెండు సంగతులకూ అప్పట్లో సంబంధం లేదు. భద్రాచలం అడవి అంచున రాత్రి గడపదలచిన యాత్రికునికి మాత్రం నేడు ఉంది.

మనవారి విషయానికి వస్తే, 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు ప్రపంచయాత్రకు సైకిళ్ల మీద బయలుదేరారు. వారిలో ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు 70,000 కిలోమీటర్లకు పైగా తిరిగి 1928లో ఇల్లు చేరారు. వారి సైకిళ్లకు గేర్లు లేవు. ఫ్రాన్సులో పాల్ ద వివీ అనే యాత్రాభిమాని గేర్లు మార్చే సాధనం కోసం దశాబ్దాలపాటు వాదించినా, టూర్ ద ఫ్రాన్స్ పందెంలో దానికి 1937 వరకు అనుమతి దొరకలేదు. గేరు వాడటం బలహీనుల పని అని పందెం నిర్వాహకుల అభిప్రాయం. మోకాలి చిప్ప వారిని అడిగి అరగదు కదా!

ఇక మన అడవి అంచు. ఇక్కడ చాలాకాలం గోదావరే రహదారి. రాజమహేంద్రవరం నుంచి పాపికొండల నడుమగా లాంచీల మీద భద్రాచలం చేరేవారు. ఇవతలి ఒడ్డున బూర్గంపాడు నిజాం రాజ్యంలో, అవతలి ఒడ్డున భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. డోర్నకల్ నుంచి వచ్చే రైలు కొత్తగూడెం చేరుతుంది. ఆ స్టేషనుకు ‘భద్రాచలం రోడ్’ అని పేరు పెట్టారు గానీ అక్కడి నుంచి రాముని సన్నిధికి ఇంకా నలభై కిలోమీటర్లు. భద్రాచలం డివిజను 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. నది మీద వంతెన 1965లో ప్రారంభమైంది. అంతవరకు సైకిలున్నవాడు కూడా దానిని పడవలోకి ఎత్తించుకుని దాటవలసిందే.

స్వాతంత్ర్యం తరువాత మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, సోనీపట్‌లో అట్లాస్, లూధియానాలో హీరో కర్మాగారాలు వెలసి నల్లని డబుల్ బార్ సైకిలును పల్లెలకు తెచ్చాయి. ఇరవై కిలోల బరువు, ఇనుప కడ్డీల బ్రేకులు, స్ప్రింగుల తోలు సీటు, టైరుకు ఒరుసుకుంటూ వెలిగే డైనమో. నేడు వేల రూపాయలు పోసి కొనే యాత్రాసైకిలుకున్న గుణాలలో కొన్ని దానికి పుట్టుకతోనే ఉన్నాయి: పొడవైన చక్రాల ఎడం, నిటారుగా కూర్చునే భంగిమ, ఏ ఊళ్లోనైనా దొరికే విడిభాగాలు. లేనివి గేర్లూ, నమ్మదగిన బ్రేకులూ.

ఆ సైకిలు మీద బరువు కట్టడం ఈ ప్రాంతపు మనుషులు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కట్టెల మోపులు, వెదురు బొంగులు, కల్లు కుండలు, అల్యూమినియం గిన్నెలు, సంతకు పోయే ధాన్యపు బస్తా అన్నీ దాని మీదే. బస్తాను క్యారియరు మీద ఎత్తుగా పెడితే బండి తూలుతుంది. ఫ్రేము త్రిభుజంలోకి దించితే కుదురుగా ఉంటుంది, కాకపోతే తొక్కడం కుదరదు, నెట్టుకుపోవాలి. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాం కూలీలు ఇదే సూత్రం మీద ఒక్కొక్క సైకిలుకు రెండు వందల కిలోలు, అంతకు పైన కూడా కట్టి, హ్యాండిల్‌కు వెదురు కర్ర బిగించి కొండదారులలో నెట్టారు. బరువు కిందికీ నడిమికీ ఉండాలన్న పాఠం కూలికి ముందు తెలిసింది, సంచుల వ్యాపారికి తరువాత తెలిసింది.

ఆరోగ్యశాఖకూ ఆ సైకిలుతో సంబంధం ఉంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. జ్వరపీడితులను వెతుకుతూ పదిహేను రోజులకొకసారి ఇంటింటికీ తిరిగే కార్యకర్త సామాను గాజు స్లైడ్లు, సూది, స్పిరిటు, దూది, క్లోరోక్విన్ మాత్రలు. రాళ్లదారిలో క్యారియరుకు కట్టిన గాజు పగలకుండా వస్తుందా? అందుకే ఆ సంచి భుజానికే వేలాడేది. ఏజెన్సీలో మలేరియా తగ్గిన ప్రతి దశ వెనుక ఇటువంటి కార్యకర్తల కాళ్ల కష్టం ఉంది. వారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

బైక్‌ప్యాకింగ్ అనే మాట 1973లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో, అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొసకు సాగిన సైకిలు యాత్ర గురించిన వ్యాసంలో కనిపించింది. 1987లో అలాస్కా మంచులో మొదలైన పందెం వంటివాటితో నేటి సంచులకు రూపం వచ్చింది. గతుకుల దారిలో లోహపు క్యారియరు విరుగుతుంది, మరలు ఊడతాయి. పట్టీలతో నేరుగా బండికే బిగించిన సంచి విరగదు. ఆపైన వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు, ట్యూబు లేని టైరులో పోసే జిగురు ద్రవం వచ్చాయి. తుమ్మముళ్ల నేలలో ఈ చివరిది నిజంగా వరమే. మనవాళ్లు పాతసామానుకు వేసిన డైనమో కూడా చక్రపు ఇరుసులో దాగి, ఫోనుకు విద్యుత్తునిచ్చే రూపంలో తిరిగివచ్చింది.

సామాను మారినా శరీరం మారలేదు. మనవాళ్లు కాలు నేలకు ఆనాలని సీటును కిందికి దించుకుంటారు. సంతకు పోవడానికి పరవాలేదు గానీ, రోజుకు ఎనభై కిలోమీటర్లు అలా తొక్కితే మోకాలి ముందుభాగం నొప్పి పెడుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి మూలనున్న అల్నార్ నాడి హ్యాండిల్‌కు నలుగుతోందని అర్థం. మెత్తని చేతితొడుగు వేసి, చేతులు తరచు మార్చి పెట్టుకోవాలి. తొడల మధ్య మొద్దుబారితే సీటు వంపునూ వెడల్పునూ సరిచూడాలి, సిగ్గుపడి దాచకూడదు. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగూడెం ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ రోజుల్లో ఏ సంచీ యాత్రికుణ్ణి కాపాడదు, వెళ్లకపోవడమే మందు.

అన్ని పరికరాలలో నేను మొదట అడిగేది దోమతెర. బరువు తగ్గించుకునే మోజులో చాలామంది వదిలేసేది అదే. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం దారులలో ఫాల్సిపారం మలేరియా భయం ఇంకా పూర్తిగా పోలేదు. అంచులు పరుపు కిందికి దోపిన తెర కట్లపామును కూడా ఆపుతుంది. అది రాత్రిపూట నేల మీద నిద్రించేవారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు, తరువాత ఊపిరి అందకపోవడం. కాటు గుర్తు కనిపించలేదని ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఫాల్సిపారం దోమ కుట్టిన వారం నుంచి రెండు వారాల తరువాత జ్వరంగా బయటపడుతుంది, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా. అప్పటికి యాత్రికుడు హైదరాబాదులో తన ఉద్యోగంలో ఉంటాడు. అక్కడి వైద్యునికి అడవి సంగతి తెలియదు. కనుక యాత్ర నుంచి వచ్చిన నెల రెండు నెలల్లో జ్వరం వస్తే, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు పడుకున్నదీ వైద్యునికి ముందే చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. అడవి అంచున ఉండగానే వస్తే ఊరి ఆశా కార్యకర్తను అడగండి. వేలికొసన చుక్క రక్తంతో పదిహేను, ఇరవై నిమిషాలలో ఫలితం చెప్పే కిట్టు సాధారణంగా ఆమె దగ్గరే ఉంటుంది.