చాకులోని ఉక్కు: కోనసముద్రము నుండి ఊరి అంగడి దాక

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు మార్గమున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు, హయత్‌నగరు దాటిన పిమ్మట అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చును. ఇది రంగారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రము. నగరము పెరిగి ఇట్టి ఊళ్లను తాకుచున్నను, గొడ్డళ్లు, కొడవళ్లు, గడ్డపారలు అమ్ము అంగళ్లు వీటిలో ఇంకను కనబడును. అట్టి అంగడిలో మంచి మడతచాకు కొనగోరినవానికి ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. అద్దమువలె మెరయు అలుగు మంచిదా? సుత్తిదెబ్బల గురుతులతో నల్లగా నున్న అలుగు మంచిదా? పైకి చూచినంత మాత్రమున తేలు ప్రశ్న కాదిది. దీనికి సమాధానము ఉక్కు స్వభావములో ఉన్నది. ఆ స్వభావమును శాస్త్రజ్ఞులు వెదకిన కథలో తెలంగాణమునకు గొప్ప స్థానము కలదు.

మడతచాకు చిన్న వస్తువే కాని, అందులో మూడు పనులు కలిసియున్నవి. అలుగు కోయవలెను. పిడి ఆ అలుగును దాచుకొనవలెను. పిడి వెన్నున నుండు స్ప్రింగు అలుగు మొదలును గట్టిగా నొక్కి, తెరచినప్పుడు తెరచినట్లును, మూసినప్పుడు మూసినట్లును నిలుపవలెను. స్ప్రింగు వంగి తిరిగి యథాస్థితికి రావలెను. అలుగు మాత్రము వంగక, విరుగక, పదును నిలుపుకొనవలెను. రెండును ఉక్కే అయినను, రెంటికి కావలసిన గుణములు వేరు. చాకు అను మాట ఫారసీ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. పూర్వము ఐరోపాలో పక్షి యీకలను, మన దేశమున రెల్లు కలములను చెక్కుటకు చిన్న చాకులే సాధనములు. ఆంగ్లమున దానికి ‘పెన్‌నైఫ్’ అను పేరు కలుగుటకు కారణమిదియే.

ఇనుమునకు, ఉక్కునకు గల భేదము ప్రధానముగా కర్బనము వలన కలుగుచున్నది. కర్బనము దాదాపు లేని ఇనుము మెత్తగా నుండును. దానితో చేసిన చాకు పదును నిలువదు. నూటికి రెండు పాళ్లకు మించి కర్బనమున్నచో అది పోత ఇనుమై, పెళుసుగా నుండి, సమ్మెటదెబ్బకు పగులును. ఈ రెంటికి నడుమ నున్నది ఉక్కు. మంచి చాకులకు సాధారణముగా నూటికి 0.6 నుండి 1 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెము ఎక్కువగా, కర్బనమున్న ఉక్కు వాడుదురు.

కర్బనమున్నంత మాత్రమున చాలదు. దానికి పదను పెట్టవలెను. కమ్మరి అలుగును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, నీటిలోగాని నూనెలోగాని ముంచును. దాదాపు 770 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఇనుము అయస్కాంతమునకు అంటుకొను గుణమును కోల్పోవును. ఉక్కును ఆ ప్రాంతమునకు కాల్చి తటాలున చల్లార్చినచో, అందలి కర్బనము బయటికి వచ్చుటకు వ్యవధి చిక్కక లోపలనే బంధింపబడి, లోహము మిక్కిలి కఠినమగును. కాని గాజువలె పెళుసుగా కూడ నుండును. అందుచే దానిని తిరిగి కొద్దిగా వేడిచేయుదురు. అప్పుడు శుభ్రము చేసిన ఉక్కుపై సన్నని ఆక్సైడు పొర ఏర్పడి రంగులు మారును. సుమారు 230 డిగ్రీల వద్ద గడ్డిపసుపు, 260 ప్రాంతమున గోధుమ, 300 ప్రాంతమున నీలము కనబడును. పదునైన అలుగునకు పసుపు ఛాయ, స్ప్రింగునకు నీలపు ఛాయ తగినవి. ఉష్ణమాపకము లేని కమ్మరికి ఈ రంగులే ఉష్ణమాపకము.

ఇక చరిత్రకు వత్తము. 1794లో బొంబాయిలోని హెలెనస్ స్కాట్ అను వైద్యుడు, లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఒక భారతీయ ఉక్కును పంపెను. దానికి ఆంగ్లేయులు పెట్టిన పేరు ‘వూట్జ్’. మన ఉక్కు అను మాటయే వారి నోట అట్లు మారినదని పలువురు పండితుల అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ ఆ ఉక్కును పరీక్షించి, తాను కనుగొనిన విషయములను రాయల్ సొసైటీకి నివేదించెను. ఆ సందర్భమున బ్యాంక్స్ కోరికపై లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో ఒక పెన్‌నైఫ్ చేసెను. అనగా, భారతీయ ఉక్కు లండనులో చిన్నచాకు రూపముననే తన పరీక్షకు నిలిచినది.

పని సులభముగా సాగలేదు. ఈ ఉక్కులో కర్బనము హెచ్చు. ఎక్కువగా కాల్చి కొట్టినచో అది ముక్కలగును. అందుచే స్టోడార్ట్ చీకటిలో మాత్రమే కనబడునంతటి మందమైన ఎఱుపు వద్ద దానిని సాగగొట్టెను. ఫలితముగా వచ్చిన చాకు శ్రేష్ఠమైన ఉక్కుచాకులతో సమానముగా కోసినది. ఈ ఉక్కు శస్త్రచికిత్సా పరికరములకు మిక్కిలి తగినదని ఆతడు తలచెను. తరువాత తన వ్యాపార ప్రకటనలోనే భారతదేశపు వూట్జ్‌ను ఐరోపా ఉక్కులన్నిటికంటె మిన్నగా ఎన్నుకొంటినని చెప్పుకొనెను.

ఈ ఉక్కు చేయు కేంద్రములలో ప్రసిద్ధి కెక్కినది నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. దానిని కోనసమందర్ అని కూడ అందురు. లాంబ్టన్ నడపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను ఉన్న హెన్రీ వెస్లీ వాయ్సీ 1820 ప్రాంతమున ఇక్కడి పని స్వయముగా చూచి వ్రాసెను. ఆతడు 1824లో మరణించగా, ఆ రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు తావుల ముడిఖనిజముల నుండి తీసిన ఇనుమును నియమిత పాళ్లలో కలిపి, మట్టి మూసలలో నుంచి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో ఒక రాత్రి, ఒక పగలు తిత్తులతో ఊదుచుండిరి. చల్లారిన పిదప మూస పగులగొట్టగా ఉక్కుబిళ్ల వచ్చుచుండెను. అది మిక్కిలి కఠినముగా నుండుటచే, పైన మట్టి పూసి మరల మరల కాల్చి మెత్తబరచుచుండిరి. ఇస్పహాను నుండి వచ్చిన వర్తకు డొకడు అక్కడనే యుండి ఉక్కు కొనుచుండెనని వాయ్సీ వ్రాతవలన తెలియుచున్నది. దక్షిణదేశములో మరికొన్ని చోట్ల మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టె, ఆకులు వేయుచుండిరి; వానినుండియే ఇనుమునకు కర్బనము లభించెడిది.

పారసీక దేశములలో ఇట్టి ఉక్కుతో చేసిన కత్తులపై నీటి అలల వంటి గీతలు కనబడును. ఆ అలలకు కారణమేమి? కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో వూట్జ్‌ను విశ్లేషించి, అందు స్వల్పముగా అల్యూమినియము ఉన్నదని తలచెను. ఆ ఊహ తరువాత నిలువలేదు. కాని ఆ ఊహ వలననే ఆతడు స్టోడార్ట్‌తో కలిసి 1820, 1822 సంవత్సరములలో ప్లాటినము, వెండి, నికెలు, క్రోమియము మున్నగు లోహములను ఉక్కులో కలిపి చూచెను. మిశ్రమ ఉక్కులపై జరిగిన తొలి క్రమబద్ధ పరిశోధనలలో ఇది ఒకటి. ఒక తప్పుడు ఊహ సైతము మంచి ప్రయోగమునకు దారితీయగలదనుటకు ఇది చక్కని నిదర్శనము. అలల రహస్యము చాలకాలమునకు గాని విడివడలేదు. 1998లో అమెరికా లోహశాస్త్రజ్ఞుడు వెర్‌హోవెన్, కత్తులు చేయు పెండ్రే మున్నగువారు ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఖనిజములో సహజముగా నుండు వెనేడియము వంటి మూలకములు అత్యల్ప పరిమాణములో ఉన్నను, సాగగొట్టునప్పుడు ఇనుప కార్బైడు కణములు వరుసలుగా ఏర్పడుటకు తోడ్పడును. ఆ వరుసలే కంటికి అలలుగా కనబడుచున్నవి.

ఇంత గొప్ప పని ఎందులకు నశించెను? మూసలో ఒకసారికి వచ్చు ఉక్కు కిలోగ్రాముకంటె తక్కువగానో, కొంచెము ఎక్కువగానో ఉండెడిది. ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740 దశకముననే పెద్ద మూసలలో ఉక్కును కరగించుట సాధించెను. 1856లో హెన్రీ బెస్సెమర్ ప్రకటించిన పద్ధతివలన కొన్ని టన్నుల ఇనుము అరగంట లోపుననే ఉక్కుగా మారజొచ్చెను. చౌక ఉక్కు ఓడలలో దిగుమతి కాగా, బొగ్గుకై అడవిపై ఆధారపడిన మూసపని నిలువలేకపోయెను. ఖనిజపు పాళ్లు, మంట రంగు, కాల్చు వేళ చేతినుండి చేతికి వచ్చిన విద్య. చేయువారు మానగనే అదియు పోయెను. నేడు ఉత్తర తెలంగాణములో దానికి మిగిలిన సాక్ష్యములు చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసముక్కలు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము కలిసి ఆ ప్రాంతమున తిరిగి, ఇట్టి తావులను అనేకముగా గుర్తించెను.

ఇప్పుడు అంగడిలోని ప్రశ్నకు మరల వత్తము. మెరయు చాకు సాధారణముగా స్టెయిన్‌లెస్ ఉక్కు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ రూపొందించిన ఉక్కు ఈ జాతిలో ప్రసిద్ధమైనది. నూటికి 10.5 పాళ్లకు తక్కువగాక క్రోమియము ఉండుటచే అది సులభముగా త్రుప్పు పట్టదు. నల్లని చాకు కర్బనపు ఉక్కు; నిమ్మరసము, చింతపులుసు తగిలిన మచ్చపడును, తడిగా ఉంచిన త్రుప్పుపట్టును, కాని సానపై సులభముగా పదునెక్కును. కావున మెరుపు గాని నలుపు గాని నాణ్యమునకు గురుతు కాదు. పరీక్షింపవలసినవి వేరు. అలుగు తెరచినపుడు పక్కలకు ఊగరాదు. స్ప్రింగు తెరచినప్పుడును మూసినప్పుడును బిగువుగా పనిచేయవలెను. మూసినప్పుడు అంచు పిడి లోపలి లోహమునకు తగులరాదు. పదను సరిగా పట్టిన అలుగుపై ఆకురాయి జారును. మెత్తని అలుగును అది సులభముగా కొరుకును. అయితే ఆకురాయి పరీక్షను అంచున గాక, అలుగు మొదట, అంగడివాని అనుమతితో చేయవలెను.

పాఠశాలలో ఉక్కును గూర్చి బోధించు ఉపాధ్యాయుడు పిల్లలను సమీపమునందలి కొలిమికి తీసికొనిపోవుట మేలు. కమ్మరి ఏ రంగు వద్ద అలుగును ముంచును, ఏ రంగు వద్ద తీయును, ఏ నీరు మంచిదని ఎంచును అని అడిగి, విద్యార్థులు ఆ సమాధానములను తేదీతో సహా వ్రాసికొనవలెను. కోనసముద్రమున వాయ్సీ చేసిన పని అదియే. ఆతడు వ్రాసిన కొద్ది పుటలే నేటి పరిశోధకులకు దారి చూపినవి. ఇప్పుడున్న కొలిములు ఎన్నాళ్లు మండునో చెప్పలేము. అవి మండుచుండగనే ఆ విద్యను కాగితముపై నిలుపవచ్చును.