గాయం ఒకచోట, హంతకుడు మరోచోట

2011. వియత్నాంలోని మెకాంగ్ డెల్టా. చెరువులో రొయ్య పిల్లల్ని (సీడ్) వదిలి ఇంకా నెల తిరగలేదు. మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వారన రొయ్యలు నీరసంగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి చూస్తే పేగు ఖాళీ. నిండుగా, ముదురు రంగులో ఉండాల్సిన లివర్ పాలిపోయి కుంచించుకుపోయింది. వేళ్ల మధ్య నలిపినా నలగడం లేదు. చచ్చినవి పైకి తేలడమూ లేదు, అడుక్కి దిగిపోతున్నాయి. నష్టమెంతో రైతుకు తెలిసేసరికి చెరువులో మిగిలింది నీళ్లే.

డెల్టాలోని సోక్ ట్రాంగ్, బాక్ లియూ, కా మావ్... ఆ ఏడు ఏ గట్టు మీద విన్నా ఇదే గోడు. 2009లో చైనాలో మొదలైన ఈ చావు మలేసియాకు పాకింది. 2012లో థాయిలాండ్‌ను పట్టుకుంది. రెండేళ్లు తిరిగేసరికి ఆ దేశపు రొయ్యల దిగుబడి సగానికి పైగా పడిపోయింది. పిల్ల దశలోనే చంపేస్తోంది కాబట్టి ‘ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్’ అన్నారు. ఆ పేరు చెప్పేది చావు గురించే. చంపుతున్నది ఏదో ఎవరికీ తెలియదు.

పక్క పొలాల్లో కొట్టిన పురుగుమందా? మేతలో విషమా? కొత్త వైరస్సా? అనుమానాలు విషం మీదికే ఎక్కువగా పోయాయి. అందుకు కారణం ఉంది. జబ్బు ముదరకముందు తీసిన లివర్ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే కణాలు పొరలు పొరలుగా రాలిపోయి కనిపించేవి. ఆ గాయం దగ్గర ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండేది కాదు.

ఎడారిలో రొయ్యల వైద్యుడు

అమెరికాలో సముద్రం జాడలేని ఎడారి నగరం టూసాన్. అక్కడి అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ దశాబ్దాలుగా రొయ్యల జబ్బులే చదువుగా బతికారు. ఆసియా చెరువుల నమూనాలు ఆయన ల్యాబ్‌కు చేరాయి. గడ్డకట్టించి పంపిన జబ్బు రొయ్యలతో ఆరోగ్యంగా ఉన్నవాటికి జబ్బు అంటించాలని చూశారు. అంటలేదు. అంటని జబ్బుకు సూక్ష్మజీవి కారణమని ఎలా చెప్పగలరు?

చిక్కంతా ఆ గడ్డకట్టించడంలోనే ఉంది. ఆ చలికి హంతకుడు దారిలోనే చస్తున్నాడు. బతికున్న జబ్బు రొయ్య కావాలంటే చెరువు దగ్గరికే వెళ్లాలి. లైట్నర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వియత్నాం యువకుడు లోక్ ట్రాన్ తన దేశంలోనే ఆ పనికి పూనుకున్నాడు.

2013 తొలినాళ్లలో ఒక బ్యాక్టీరియా విడిగా చిక్కింది. దాన్ని నీళ్లలో కలిపి, ఆరోగ్యంగా ఉన్న రొయ్యల్ని అందులో వదిలారు. నూటికి నూరూ చచ్చాయి. వాటి లివర్‌లో డెల్టా చెరువుల్లో చూసిన గాయమే కనిపించింది. చచ్చిన వాటినుంచి మళ్లీ అదే బ్యాక్టీరియాను తీసి, మూడు విడతలు పరీక్షించారు. మూడుసార్లూ అదే ఫలితం. ఆ ఏడాది మే నెలలో ప్రపంచానికి చెప్పారు: ఇది విబ్రియో పారాహీమోలిటికస్ తెగకు చెందిన ఒక రకం పని.

మరి గాయం దగ్గర అది ఎందుకు కనపడలేదు? అది కాపురం పెట్టేది రొయ్య పొట్టలో. అక్కడ కూర్చుని విషం వదులుతుంది. ఆ విషం లివర్‌కు చేరి కణాల్ని రాల్చేస్తుంది. ఇన్నాళ్లూ అందరూ వెతికింది గాయపడిన చోట. విషమేనన్న అనుమానం నిజమే. తప్పల్లా ఆ విషం పొలం నుంచి వచ్చిందనుకోవడంలో ఉంది.

ఆయుధం దొరికింది

విబ్రియోలు ఉప్పునీటిలో ఎప్పుడూ ఉండేవే. అన్నీ చంపవు. ఈ ఒక్క రకానికి ఆ శక్తి ఎలా వచ్చిందో 2015లో తైవాన్, థాయ్ పరిశోధకులు తేల్చారు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం దానిలో చేరింది. పిర్-ఎ, పిర్-బి అనే రెండు విషపు ప్రొటీన్ల జన్యువులు ఆ వలయంలోనే ఉన్నాయి. ఆ జన్యువుల్ని తీసేస్తే బ్యాక్టీరియా ఈ జబ్బును కలిగించదు.

నన్ను కదిలించిన ఘట్టం దీనికన్నా ముందే, 2013 చివర్లో జరిగింది. ఈ హంతకుడిని గుర్తుపట్టే పీసీఆర్ పరీక్షకు కావలసిన ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలను థాయిలాండ్‌లోని తిమోతీ ఫ్లెగెల్, తైవాన్‌లోని లో చు-ఫాంగ్ బృందాలు అందరికీ ఉచితంగా విడుదల చేశాయి. అప్పుచేసి సీడ్ వేసిన రైతు పరిశోధన పత్రం అచ్చయ్యేదాకా ఆగలేడని వాళ్లు గ్రహించారు. ఆ తొలి ప్రైమర్లలో లోపం ఉందని తేలితే, మెరుగైనవి తయారుచేసి వాటినీ పంచారు.

రొయ్య మీద బతికే మన కోస్తాకు ఈ కథ పరాయిది కాదు. 1994–95లో తెల్లమచ్చల జబ్బు నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చాకే ఆ చెరువులు మళ్లీ నిండాయి. ఇంత పెద్ద బతుకుదెరువు ఒకే జాతి రొయ్య మీద ఆధారపడినప్పుడు అజాగ్రత్తకు చోటుండకూడదు. సీడ్‌ను పీసీఆర్ చేయించకుండా చెరువులో వదలకూడదు. మిగిలిన మేత, అడుగు బురద విబ్రియోకు విందు కాబట్టి వాటిని పేరుకోనివ్వకూడదు. గుడ్డిగా యాంటీబయాటిక్ పోస్తే మందుకు లొంగని సూక్ష్మజీవి పెరుగుతుంది, ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. రొయ్య చస్తుంటే ఏదో ఒక మందు కొట్టడం కాదు, ఎందుకు చస్తోందో ల్యాబ్‌లో తేల్చుకోవడమే మొదటి పని. ఆ పనికి కావలసిన పరీక్షను శాస్త్రవేత్తలు ఉచితంగా చేతికిచ్చారు. దాన్ని ప్రతి చెరువు గట్టుకూ చేర్చే బాధ్యత హేచరీలది, ప్రభుత్వానిది, మనందరిదీ.